మామ్మ నోట పెట్టిన పేరు

ఆ సన్మానానికి నేను చప్పట్లు కొట్టడానికి వెళ్ళలేదు. మా ఇంగ్లీషు మేష్టారికి ఎనభై నిండాయనీ, పాత విద్యార్థులంతా కలిసి నర్సీపట్నంలో కల్యాణ మండపం తీసుకుని ఆయనకి శాలువా కప్పుతున్నారనీ నా చిన్ననాటి స్నేహితురాలు వరలక్ష్మి వాట్సాప్‌లో పెట్టింది. ఆ మేష్టారు నా ముఖం చూసి ఏమంటాడో చూద్దామని విశాఖపట్నంలో పొద్దున్నే బస్సెక్కాను. ఏమీ అనలేదు. కాళ్ళకి దండం పెట్టే వరసలో నా వంతు వచ్చినప్పుడు నేను వంగలేదు, ఎదురుగా నిలబడ్డాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "ఏ బ్యాచ్ అమ్మా?" అన్నారు. చెప్పాను. "సంతోషం, సంతోషం" అంటూ నా వెనక ఉన్నావిడ నెత్తిమీద చెయ్యి పెట్టారు. అంతే. యాభై ఏళ్ళకు పైగా నేను మోస్తున్న మనిషికి నేను బ్యాచ్ నంబరుగా కూడా గుర్తులేను.

తర్వాత ఉపన్యాసాలు. ఆయన దగ్గర చదివి తానూ ఇంగ్లీషు లెక్చరరై రిటైరైన ఒకాయన మైకు పట్టుకుని, "సార్ ఫిగర్స్ ఆఫ్ స్పీచ్ చెప్పిన తీరు ఈ జన్మకి మర్చిపోతామా? అడుగుతాను, చెప్పండి. అపోస్ట్రఫీ అంటే?" అన్నాడు. హాలంతా నవ్వింది. నవ్వుతూనే, తల నెరిసిన మగవాళ్ళూ, మనవల్ని ఒళ్ళో పెట్టుకున్న ఆడవాళ్ళూ, ఒక్క గొంతుతో ఒక ఇంగ్లీషు వాక్యం అప్పజెప్పారు. చనిపోయిన ఒక మనిషిని పేరు పెట్టి పిలిచి, వాన ముంచుకొస్తోంది, ఆరబెట్టిన చింతపండు తడిసిపోతోంది, నువ్వు మాత్రం గోడకి ఆనుకుని హాయిగా ఉన్నావు, అని దెప్పే వాక్యం అది. ఆ చనిపోయిన మనిషి మా తాత. దెప్పేది మా మామ్మ. మా తర్వాత వచ్చిన బ్యాచ్‌లన్నిటికీ ఆయన అదే ఉదాహరణ చెబుతూ వచ్చారని నాకు ఆ రోజే తెలిసింది. మా తాత పేరుని అంతమంది కలిసి అరవడం విని లేచి వచ్చేశాను. గుమ్మం దగ్గర ఎవరో కుర్రాళ్ళు "మేడమ్, భోజనాలున్నాయండి, పనసపొట్టు కూరండి" అన్నారు. వరలక్ష్మి వెనకాలే వచ్చి, "ఇంకా అదేనా? పోనీద్దూ, అందరం ముసలోళ్ళం అయిపోనాం" అంది. ముసలితనం వస్తే చేసినవి చెరిగిపోతాయని ఎవరు చెప్పారో దానికి. వరలక్ష్మి కూడా తన వంతు చేసింది, దాని సంగతీ చెబుతాను.

మా కాలేజీ ఇప్పుడు లేదు. అప్పుడది ఒక మేడ మీద రెండు పెద్ద గదుల ఇంటరు కాలేజీ, కింద ఎరువుల కొట్టు. యూరియా బస్తాల ఘాటు మెట్ల మీదుగా వచ్చి క్లాసులో కూర్చునేది. ఇంగ్లీషు అంటే నాకు ఇప్పటికీ ముందు ముక్కులో ఆ వాసనే తగులుతుంది. మేష్టారు గోదావరి అవతల నుంచి వచ్చినాయన, పాతికేళ్ళకి ఒకటో రెండో ఎక్కువ, అదే మొదటి ఉద్యోగం. ఆయనకి ఒక పద్ధతి ఉండేది. సిమిలీ, మెటఫర్, హైపర్బొలీ, ఇలా ఇరవై దాకా అలంకారాల పేర్లు బోర్డు మీద రాసి, "గైడులో ఉన్న ఉదాహరణ రాస్తే సున్నా. మీ ఇంట్లో మీ వాళ్ళు అన్న మాట పట్టుకోండి. దాన్ని ఇంగ్లీషులో పెట్టి తీసుకురండి" అనేవారు. అది మంచి పద్ధతి. ఆయన మీద నాకెంత కోపం ఉన్నా ఈ ముక్క దాచను. బట్టీ పట్టే మా అందరికీ, మన ఇళ్ళల్లో మనుషులు మాట్లాడే మాటలకి కూడా అంత గొప్ప పేర్లు ఉన్నాయని చెప్పిన మొదటి మనిషి ఆయనే. అందుకే అంత నమ్మాను.

మా ఇల్లు బలిఘట్టం వెళ్ళే దారిలో. నాన్నా అమ్మా తెల్లారకుండానే చెరుకు తోటకి వెళ్ళిపోయేవారు, ఇల్లంతా మా మామ్మదే. నాన్నని కన్న తల్లి. ఎండాకాలం వస్తే పెరట్లో రేకు మూకుడులో జీడిపిక్కలు కాల్చేది. ఆ పొగకి కళ్ళు మండేవి, కాకులు కూడా పెరటి వైపు వచ్చేవి కావు. జీడి చమురు తగిలి ఆమె వేళ్ళ చివర్లు ఏడాది పొడుగునా నల్లగా ఉండేవి. సంత రోజున కొండ మీంచి దిగిన వాళ్ళు తట్టల్లో చింతపండు తెస్తే, ముందు వాళ్ళకి మజ్జిగ ఇచ్చి, వాళ్ళ పిల్లల బాగోగులు అడిగి, ఆ తర్వాతే తట్టలో చెయ్యి పెట్టేది. కొన్న చింతపండు వసారాలో పోసుకుని, కాళ్ళు బారజాపి, చిన్న ఇనపకడ్డీతో ఒక్కో కాయా కొట్టి గింజ తీసేది. నేను ఆ పక్కనే గోడకి వీపు ఆనించి చదువుకునేదాన్ని. పుల్లటి వాసన, టక్‌టక్ చప్పుడు, నా ఇంగ్లీషు.

"అదేటే, మంత్రవా?" అంది మొదటిరోజు.

"కాదు మామ్మా. హైపర్బొలీ అని. ఉన్నదాన్ని బాగా పెంచి చెప్పడం."

"అదా! మీ నాయన మన సెరుకు తాటిసెట్టంత ఎదిగిందనడం నేదేటి? రాసుకో."

రాసుకున్నాను. మర్నాడు లైటోటీస్. మంచిదాన్ని మంచిదని అనకుండా, చెడ్డది కాదు అని సరిపెట్టడం అన్నాను. మామ్మ కడ్డీ ఆపింది. "అయితే మీ అమ్మే. నేను పులుసెడితే ఏనాడైనా బాగుందన్నాదేటి? 'తిన్లేనట్టు నేదత్తా' అంటాది. రాసుకో. మీ అమ్మకి మాత్రం సదివి ఇనిపించకు." ఆక్సిమొరాన్ అంటే ఒకదానికొకటి పడని రెండు మాటలు పక్కపక్కన పెట్టడం అని చెబితే వెంటనే అందుకుంది. "మీ తాత కోపం. సల్లటి నిప్పు. అరిసీవోడు కాదు, కొట్టీవోడు కాదు, మాటాడకుండా మూడ్రోజులు కాల్సీసీవోడు. రాసుకో, సల్లటి నిప్పు." అక్షరం రాని ఆ మనిషి ఒక్కొక్క దానికీ ఇట్టే ఉదాహరణ తీసి ఇచ్చేది. క్లాసులో నా నోటుబుక్కుకి వచ్చినన్ని టిక్కులు ఎవరికీ రాలేదు. అవన్నీ ఆమె మార్కులు.

మా తాత నేను పుట్టకముందే పోయాడు. ఆయన గొడుగు మాత్రం వసారా గోడకి, చిలక్కొయ్యకి ఉండేది. వెదురు కాడ, నల్ల గుడ్డ. ఎంత వానొచ్చినా దాన్ని ఎవరూ ముట్టుకునే వాళ్ళం కాదు. మామ్మ గింజ తీస్తూ తీస్తూ ఆ గొడుగుతో మాట్లాడేది. "ఇన్నావా మావా" అని మొదలెట్టేది. ఆవు ఈనిందనీ, కోడలు ఈ రోజు పెడసరంగా ఉందనీ, సంతలో ఫలానా మనిషి కనబడి నిన్ను తలుచుకున్నాడనీ చెప్పేది. అడిగేది, కాసేపు ఆగేది, సమాధానం వచ్చినట్టు "అదే మరి" అనేది. మాకది వింతగా ఉండేది కాదు. పక్క గదిలో రేడియో మోగినట్టే.

ఆయన పేరు మాత్రం ఆమె నోట ఎవరూ వినలేదు. ఆ రోజుల్లో భర్త పేరు చెప్పని ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు, మా మామ్మది అంతకు మించిన పట్టుదల. కొండ మీద దేవుడి పేరే ఆయనకి పెట్టారు, అందుకని ఆమె ఆ దేవుణ్ణి కూడా పేరుతో తలవలేదు, "కొండ మీద బాబు" అనేది. పాలు పోసేవాడికి అదే పేరు, అతను "పాలాయన" అయిపోయాడు. ఓటర్ల జాబితా రాసుకోడానికి వచ్చినాయన "భర్త పేరు చెప్పండమ్మా" అంటే, నన్ను ముందుకి తోసి, "సెప్పే, బాబుకి సెప్పు, బేగి" అని తాను చెవులు మూసుకుని లోపలికి వెళ్ళింది. ఆ పేరు ఈ పేజీల్లో కూడా ఉండదు. మేష్టారి పేరూ ఉండదు, అది వేరే కారణానికి.

ఇరవై పేర్లలో చివరికి అపోస్ట్రఫీ వచ్చింది. ఎదురుగా లేని మనిషిని, పోయినవాళ్ళని, ప్రాణం లేని వస్తువుని, ఉన్నట్టే పిలిచి మాట్లాడటం. ఆ ఒక్కదానికి నేను మామ్మని ఉదాహరణ అడగలేదు. అడగాల్సిన పనేముంది, ఆమే ఉదాహరణ. ఆ వారమే ఎండబెట్టిన చింతపండు మీద అకాల వాన పడితే, చాప ఈడ్చుకొస్తూ గొడుగుతో అన్న మాట ఇంగ్లీషులో పెట్టి పట్టుకెళ్ళాను. "మావా" అన్నదాన్ని నాకు తెలిసినట్టు "అంకుల్" అని రాశాను.

మేష్టారు చదివి నవ్వారు. "మీ మామ్మ మేనమామతో మాట్లాడుతోందా?"

"కాదండి. మా తాతతోటండి. మావా అంటాదండి. తాత పోయి శానా యేళ్ళయిందండి."

"అంకుల్ అంటే ఇంగ్లీషులో మొగుడెలా అవుతాడమ్మా? ఎవరిని పిలుస్తోందో తెలియాలి. పేరు పెట్టి పిలవాలి. మీ తాత పేరేంటి?"

చెప్పాను. మనవరాలిని, నేను చెప్పవచ్చు.

"అది పెట్టు."

"మా మామ్మ ఆ పేరు సెప్పదండి. సచ్చినా సెప్పదండి."

"మీ మామ్మ ఇంగ్లీషు చెబుతుందా? చెప్పదు కదా. నీ నోట్సు నేను తప్ప ఎవరు చూస్తారు?" అని పేజీ అంచున ఎర్రసిరాతో, పేరు పెట్టమని ఇంగ్లీషులో రాసి ఇచ్చారు. "ఫెయిర్ చేసి తీసుకురా. మంచి ఉదాహరణ, పాడు చెయ్యకు."

ఆ సాయంత్రం వసారాలో మామ్మ పక్కన కూర్చునే ఫెయిర్ చేశాను. "ఏటి రాస్తన్నావే?" అంది. "ఇంగ్లీషు" అన్నాను. ఆమె గింజలు చేటలోకి ఎత్తుకుంటూ ఉంది. పెన్ను ఆ పేరు దగ్గర ఆగింది, ఆ సంగతి నాకు బాగా గుర్తు. ఎవరూ చూడరని ఆయన అన్న మాట తలుచుకుని రాసేశాను.

నోటుబుక్కు ఇచ్చి రెండు రోజులు కాకుండానే ఆయన దాన్ని క్లాసులో చదివారు. ఊరికే చదవలేదు, చాప ఈడుస్తున్నట్టు వంగి, ముసలి గొంతు పెట్టి, నటించి మరీ చదివారు. అరవై మంది పగలబడి నవ్వారు. నేను లేచి "సార్, మీరు ఎవరికీ సూపించనన్నారండి" అంటే, "అబ్బో, కోపమే! కూర్చో, నిన్ను ఫేమస్ చేస్తున్నాను" అన్నారు. ఆ రోజు నుంచి మగపిల్లలు నన్ను తాత పేరుతో పిలవడం మొదలెట్టారు. అదైనా భరించేదాన్ని. ఆ ఏడు కాలేజీ పత్రిక వేశారు. అందులో "మన ఇళ్ళలో అలంకారాలు" అని మేష్టారి పేరుతో రెండు ఇంగ్లీషు పేజీలు. చల్లటి నిప్పు ఉంది, తాటిచెట్టంత చెరుకు ఉంది, అమ్మ మెచ్చని పులుసు ఉంది. చివర్న, పెద్ద అక్షరాల్లో, నర్సీపట్నంలో ఫలానా వీధిలో ఒక ముసలామె అంటూ, ఆ వాక్యం, ఆ పేరు. నా పేరు ఎక్కడా లేదు. అందుకు కూడా నేను బాధపడ్డాను, అబద్ధం ఎందుకు.

వరలక్ష్మి ఆ రెండు పేజీలు వాళ్ళమ్మకి తెలుగులో చదివి వినిపించింది. వాళ్ళమ్మ మర్నాడు వీధి కుళాయి దగ్గర బిందె పెట్టి, పదిమంది ముందు, "ఏటత్తా, ఇన్నాళ్ళూ దాసినావు గాని, ఒంటరిగా ఉంటే మావయ్యని పేరెట్టే పిలుస్తన్నావంట! పుస్తకంలో అచ్చేసినారు" అంది. పరాచికానికే అంది. మామ్మ బిందె నింపకుండా ఇంటికొచ్చింది. ఖాళీ బిందె వసారాలో పెట్టి, నా ఎదురుగా కూర్చుంది.

"ఏటి రాసినావు?"

పత్రిక తీసి తెలుగులో చదివాను, పేరు వదిలేసి.

"పేరుందంట."

"ఉంది మామ్మా."

"నా నోట?"

నేను తల దించుకున్నాను.

"ఎన్ని పుస్తకాలు ఏసినారు?"

"రెండొందలు."

ఆమె అరవలేదు. నల్లటి వేళ్ళతో చీర చెంగు మడతపెట్టుకుంటూ, "నలబయ్యేళ్ళు కాపరం సేసినాను. ఒక్కనాడు ఈ నోటితో అననేదు. రెండొందల ఇళ్ళల్లో నా సేత అనిపించినావు" అంది. నేను ఏడుస్తూ, నేను కాదు మామ్మా, మేష్టారు పెట్టమన్నారు, వద్దన్నా వినలేదు, ఎర్రసిరాతో రాసిచ్చారు, అని చెప్పుకున్నాను. ఆమె లేచి మళ్ళీ బిందె తీసుకుని కుళాయికి వెళ్ళింది. ఆ రోజు నుంచి గొడుగుతో మాట్లాడటం మానేసింది. గింజ తీసేది, కడ్డీ చప్పుడు మాత్రం వినిపించేది. ఒక్కోసారి "ఇన్నా" అని మొదలెట్టి, నా వైపు చూసి, నోరు మూసుకునేది.

నేను ఊరుకునే రకాన్ని కాదు, అప్పుడూ కాదు, ఇప్పుడూ కాదు. నల్లసిరా పెన్ను పట్టుకుని క్లాసు వాళ్ళ ఇళ్ళకి ఒక్కో ఇంటికీ వెళ్ళాను. "మీ పత్రిక ఒక్కసారి ఇవ్వండి" అని తీసుకుని ఆ పేరు కొట్టేసి ఇచ్చాను. కొందరు పిచ్చిదనుకున్నారు, కొందరు తలుపు వేసేశారు. వరలక్ష్మి ఇచ్చింది గాని, "ఇంత చిన్నదానికా?" అంది. ఆ మాటకి అది నాకు ఇప్పటికి రెండుసార్లు క్షమాపణ చెప్పింది, రెండూ నేను తీసుకోలేదు. నలభై చిల్లర పుస్తకాలు కొట్టేసేసరికి ప్రిన్సిపాల్ గారికి కబురందింది. పిలిచి చివాట్లు పెడితే, నేను ఎదురు అర్జీ రాసిచ్చాను. ఒకటి కాదు, మూడు రాశాను. మూడోది అందాక ఆయన విసుగెత్తి మేష్టారితో, "వెళ్ళి ఆ ముసలావిడకి ఒక మాట చెప్పి రండి, ఈ పిల్ల నా ప్రాణం తీస్తోంది" అన్నారట.

మేష్టారు వచ్చిన రోజున నా ఆనందం చెప్పలేను. ఇప్పుడు ఆయన నోటితోనే నిజం బయటికొస్తుంది, మామ్మ నన్ను నమ్ముతుంది, మళ్ళీ తాతతో మాట్లాడుతుంది, అని వీధి గుమ్మంలోనే నిలబడ్డాను. మామ్మ ఆయనకి పీట వెయ్యలేదు, లోపలి నుంచి కుర్చీ తెప్పించి వేసింది. కాఫీ ఇచ్చింది. ఆయన గ్లాసు చేత్తో పట్టుకుని, నా వైపు చూడకుండా, "పేరు పెట్టొద్దనే చెప్పానండి మీ మనవరాలితో. చిన్నపిల్ల, తొందర్లో పెట్టేసింది. ప్రెస్సువాళ్ళు కూడా చూసుకోలేదు. నేను చూసుకోవాల్సింది, నా పొరపాటే అనుకోండి" అన్నారు.

గుమ్మం వదిలి ఆయన ఎదురుగా వెళ్ళాను. "సార్, మీరే కదండీ పెట్టమన్నారు! నోటుబుక్కులో ఎర్రసిరాతో మీరు రాసిందుంది, ఆ నోటుబుక్కు ఇవ్వండి" అన్నాను. "అది ప్రెస్సులోనే ఉండిపోయిందమ్మా" అన్నారు, ఎంతో శాంతంగా. మామ్మ నా మాట మధ్యలోనే, "నువ్వు లోనికెల్లు" అంది. ఆయన వైపు తిరిగి, "సిన్నపిల్ల మేష్టారూ. మీరేటీ మనసులో ఎట్టుకోకండి. దాని మార్కులు తగ్గించకండి" అంది. గుమ్మం వెనక నిలబడి ఆ మాట విన్నాను. ఆయన అబద్ధం ఆడటం ఒక ఎత్తు. ఆ అబద్ధానికి మా మామ్మ కాఫీ పొయ్యడం ఇంకొక ఎత్తు.

ఇంతలో వాన అందుకుంది. ఆయన వసారా అంచున నిలబడి ఆకాశం వైపు చూస్తున్నారు. మామ్మ వెళ్ళి, చిలక్కొయ్య మీంచి ఆ గొడుగు తీసి, చెంగుతో దుమ్ము తుడిచి, ఆయన చేతికిచ్చింది. "తడుస్తారు, తీసుకెల్లండి." మా నాన్న పెళ్ళిలో కూడా బయటికి తియ్యని గొడుగు అది. ఆయన దాన్ని విప్పుకుని, బురదలో పంచె కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వెళ్ళిపోయారు. వారం చూసి, కాలేజీలో అడిగాను. "అయ్యో, యలమంచిలి బస్సులో మర్చిపోయానమ్మా. పాతదే కదా, కొత్తది కొనిస్తాను" అన్నారు. కొనివ్వనూ లేదు. ఇచ్చినా పుచ్చుకునేవాళ్ళం కాదు. ఇంట్లో చెబితే మామ్మ "పోనీలే" అంది. ఆ "పోనీలే" కూడా నేను మర్చిపోలేదు.

ఆ ఏడాదితో ఇంగ్లీషుకి దండం పెట్టి, విశాఖపట్నంలో డిగ్రీ తెలుగులో చేరాను. హాస్టల్ నుంచి వారం వారం ఉత్తరం రాసేదాన్ని, ప్రతి దాంట్లో చివర్న ఒకే ముక్క, ఆ పేరు పెట్టించింది మేష్టారేనని మామ్మకి చెప్పు, అని. అమ్మ చదివి వినిపించేది. జవాబులో మామ్మ ఆరోగ్యం రాసేది, ఆవు సంగతి రాసేది, ఈ సంగతి రాసేది కాదు. సెలవులకి వెళ్తే వసారాలో అదే మౌనం. ఒకసారి అమ్మని పట్టుకుని, "మామ్మ ఇంక తాతతో మాట్లాడదా?" అని అడిగాను. అమ్మ పొయ్యి ఊదుతూ, నా ముఖం చూడకుండా, "మాటాడతాదే. నువ్వు ఎల్లిన మర్నాటి నుంచీ మొదలెడతాది. నువ్వొస్తే ఆపేస్తాది" అంది. ఈ మాట అప్పుడు నాకు చెంపదెబ్బలా తగిలింది. ఊరందరి ముందూ మాట్లాడుతుంది. పాలాయన ముందు, కుళాయి దగ్గర నవ్విన ఆవిడ ముందు కూడా. నా ఒక్కదాని ముందే నోరు కట్టేసుకుంటుంది. అంటే నన్ను నమ్మలేదు, ఆ మేష్టారినే నమ్మింది, అని తేల్చుకున్నాను.

ఇదంతా మా కోడలికి చెబితే ఆశ్చర్యపోయింది. అది మా అబ్బాయిని పేరుతోనే పిలుస్తుంది, కోపమొస్తే "ఒరేయ్" అని కూడా అంటుంది. నేను తప్పు పట్టను. నా కాపురమంతా "ఏమండీ"తో గడిచిపోయింది, ఆయన పోయాక ఆ పిలుపు కూడా పని లేకుండా పోయింది. ఇప్పుడు పేరు ఎవరికీ బరువు కాదు. బ్యాంకు వాళ్ళు ఫోన్ చేసి మా ఆయన పేరు చెప్పమంటారు, చెబుతాను. ఎవరైనా అన్న మాటని వాళ్ళకి తెలియకుండా ఫోన్‌లో పట్టి పదిమందికి పంపించేస్తారు, పంపించినవాళ్ళు నవ్వుతారు, అన్నవాళ్ళు కూడా నవ్వి ఊరుకుంటారు. "అంత పట్టింపు ఎందుకత్తయ్యా, ఒక్క పేరే కదా" అంది మా కోడలు. ఒక్క పేరే. ఆ ఒక్కటే ఆమె తనకోసం దాచుకుంది. మిగిలినవన్నీ రాసుకో, రాసుకో అని నా ఒళ్ళో పోసింది కదా.

డిగ్రీ రెండో ఏడు ఎండాకాలం సెలవులకి వచ్చిన రోజు సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. బస్సు దిగి, సూట్‌కేసు పట్టుకుని మిట్టమధ్యాహ్నం మా వీధిలోకి వచ్చాను. ప్రహరీ గోడ దగ్గరికి వచ్చేసరికి లోపలి నుంచి మామ్మ గొంతు. నాన్నా అమ్మా తోటలో ఉంటారు, ఇంట్లో ఇంకెవరూ లేరు. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"ఇన్నావా మావా, ఇయాల పిల్ల వస్తాది. తాటిముంజెలు తెప్పించినాను, ఇష్టం కదా దానికి. మొన్న ఉత్తరంలో కూడా అదే రాసింది, నేను కాదు, ఆ మేష్టరే ఎట్టించినాడని. నాకు తెల్దేటి? అబద్దం ఆడతన్నప్పుడు గలాసులో కాఫీ తొణికింది ఆడికి, సూసినాను. ఆడే ఎట్టించినాడు. అయితే ఏటి? ఆడెవుడు మావా, దారిన పోయీవోడు. ఆడేటి రాసుకున్నా నాకేటి. ఇది నా పిల్ల, ఇది రాసింది."

కాసేపు ఆగింది, సమాధానం వింటున్నట్టు. "అదే మరి" అంది.

నా గురించి అన్నవి కాబట్టి ఈ మాటలు రాశాను. మేష్టారిని నేను క్షమించలేదు, ఆ మండపంలో ఆయన ముందు వంగనందుకు నాకు విచారం లేదు. కానీ ఆ రోజు గోడ ఇవతల, ఎండలో నిలబడి ఉండగా, ఇన్నాళ్ళూ ఆమె నన్ను నమ్మిందని తెలిసి, ఏడవడానికి కూడా మొహం చెల్లలేదు. గేటు తీస్తే ఆమె మాటలు ఆగిపోతాయి. సూట్‌కేసు చప్పుడు కాకుండా కింద పెట్టి, గోడ నీడలో కూర్చున్నాను. మామ్మ ఇంకా చాలాసేపు తాతతో మాట్లాడింది. అన్నీ వినిపించాయి. అవి ఎక్కడా రాయలేదు.